తడి తగలని మరుగుదొడ్డి

ప్రపంచంలోకెల్లా పరిశుభ్రమైన మరుగుదొడ్డి మొన్నటి దాకా మా అనకాపల్లిలోనే ఉండేది. నమ్మరా? కట్టించి రెండేళ్లయినా ఒక్కరంటే ఒక్కరు దాన్ని వాడలేదు!

జపాన్‌లో మీట నొక్కితే వేణ్నీళ్లు చిమ్ముతాయట. సీటు వెచ్చగా ఉంటుందట. లోపలి చప్పుళ్లు బయటికి వినబడకుండా సంగీతం కూడా వస్తుందట! ఇంగ్లండులో పాపం కాగితంతోనే సరిపెట్టుకుంటారు. ఎన్ని హంగులుంటే ఏం లాభం? వాడితే ఏ దొడ్డయినా పాడవుతుంది. ఇంత చిన్న సూత్రం అంత పెద్ద దేశాలకు తట్టలేదు చూశారా!

మాకు తట్టిందంటే అది గంగాధరం గారి చలవ. మా వీధి బెల్లం వర్తకుల సంఘానికి ఆయన ప్రెసిడెంటు. చెరుకు తోటలు చూసి రమ్మని సంఘం ఆయన్ని ఆస్ట్రేలియా పంపింది. చెరుకు ఎంత చూశారో తెలియదు గానీ, హోటల్లో కమోడ్‌ను మాత్రం క్షుణ్ణంగా పరిశీలించి వచ్చారు.

"అక్కడ ఫ్లష్ కొడితే నీళ్లు ఉల్టా తిరుగుతాయండీ! భూమికి అడుగునున్నారు కదా మరి. నా కళ్లతో సూసేను," అని కొట్టుకు వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పారు.

సైన్సు మాస్టారు శ్రీహరి ఊరుకోలేదు. "అదేం కాదు బావా. గిన్నె తీరును బట్టి, నీళ్లు పడే తీరును బట్టి తిరుగుతాయి. భూమికీ దానికీ ఏటి సంబంధం?" అన్నాడు.

"అయితే మనకెటు తిరుగుతాయో సెప్పు!"

మనలో ఎవరు మాత్రం చూశాం? చెంబుతో పోస్తే నీళ్లు తిన్నగా పోతాయి. తిరిగే తీరిక వాటికెక్కడిది?

తేల్చుకోవాలంటే కమోడ్ కావాలి. సంఘం షెడ్డులో బెల్లం దిమ్మలు మూటలు కట్టే ఆడకూలీలేమో తమకో దొడ్డి కట్టించమని ఎన్నాళ్లుగానో మొరపెట్టుకుంటున్నారు. ఒక్క దెబ్బకు రెండు పిట్టలు! షెడ్డు వెనక టైల్స్ గది వెలిసింది. తెల్లటి కమోడ్, ఫ్లష్ ట్యాంకు, తలుపు మీద 'స్త్రీలకు మాత్రమే' అని రంగుల బోర్డు. గొయ్యి తవ్వారు, పైపులు వేశారు. ఆ పైపుల్లోకి నీళ్లివ్వడం ఒక్కటే మరిచిపోయారు.

మరుపు కూడా మంచికే! ఆ వానాకాలం బజార్లో బెల్లమంతా చెమ్మకు జావకారుతుంటే గంగాధరం గారికి ఒక సత్యం స్ఫురించింది. వీధి మొత్తానికి చెమ్మ లేని గది అదొక్కటే! వెంటనే కమోడ్ మీద చెక్క పరిచి, దిమ్మలు పేర్చి, తాళం వేశారు. ఆ తర్వాత ఎవరు కుళాయి మాటెత్తినా, "బెల్లం కరిగిపోదేటండీ?" అనేవారు. న్యాయమే కదా! ఆడవాళ్లయితే కరిగిపోరు.

మొన్న మే నెల ఎండలో అప్పలనర్సమ్మ మూట కడుతూ కడుతూ కళ్లు తిరిగి పడిపోయింది. నక్కపల్లి అవతలి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చి, చీకటి పడ్డాక ఇల్లు చేరే మనిషి. గ్లాసుతో నీళ్లిస్తే పెదాలు తడుపుకొని తిరిగిచ్చేసింది.

"తాగవమ్మా!" అన్నారు గంగాధరం గారు కంగారుగా.

"తాగితే ఎక్కడికెల్తాను బాబూ?"

పెద్దమనిషిని పట్టుకుని అడగాల్సిన ప్రశ్నేనా అది? అంతటితో ఆగిందా? పక్కన మూటలు కట్టే దేముడమ్మ చేత చెంబుడు నీళ్లు తెప్పించుకుని గటగటా తాగేసింది. దేముడమ్మా తాగింది. మిగిలిన ఆడవాళ్లూ తాగారు. అందరూ కలిసి గంగాధరం గారి కొట్లోకి వెళ్లి, ఆయన కూర్చునే తెల్లటి పరుపు పక్కనే నిలబడ్డారు.

"తాగీసేం బాబూ. ఇప్పుడా తాళం తీత్తారా, ఇక్కడే కూకోమంటారా?"

గంగాధరం గారు అంత వేగంగా పరిగెత్తడం నేనెన్నడూ చూడలేదు. దిమ్మలు తన చేతులతోనే మోసి బయట పెట్టారు. బోరింగు నుంచి బకెట్లు వచ్చాయి. అప్పలనర్సమ్మ లోపలికి వెళ్లి తలుపేసుకోగానే ఆయన బయట నిలబడి, "నీళ్లు కుడికి తిరుగుతున్నాయా, ఎడమకా అమ్మా?" అని కేకేశారు. పరిశోధకుడంటే అలా ఉండాలి!

"ముందా తలుపు కాడ్నించి ఎల్లండి బాబూ!" అని లోపల్నుంచి వినబడింది.

చూశారుగా, మన దేశంలో సైన్సుకు దక్కే మర్యాద! పైగా కొత్త తలనొప్పి ఒకటి మొదలైంది. షెడ్డులో మంచినీళ్ల కుండ మధ్యాహ్నం లోపే ఖాళీ అయిపోతోందని సంఘం వారు విసుక్కుంటున్నారు. ఇన్నేళ్లూ నడివేసవిలో సైతం అది సాయంత్రానికి నిండుగానే ఉండేది. తమ ఆడకూలీలకు దాహం తక్కువని వాళ్లు పదిమందికీ గొప్పగా చెప్పుకునేవారు.