రెండు నిమిషాల మాట

ఆ రోజు పొద్దున కెప్టెన్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పది గంటలకు గోల్‌కీపర్‌ని ఆఫీసు గదిలోకి పిలవాలి, కాంట్రాక్టు పొడిగించడం లేదని చెప్పాలి, రెండు నిమిషాల్లో ముగించాలి. గడ్డం గీసుకుంటూ అద్దానికి మూడుసార్లు చెప్పి చూసుకున్నాడు. అద్దం ఏమీ బాధపడలేదు.

నిజానికి అతనిప్పుడు కెప్టెన్ కాడు. పన్నెండేళ్ళు క్లబ్బుకి ఫుట్‌బాల్ ఆడి, మోకాలు మొరాయించాక బూట్లు విప్పేశాడు. జట్టులోకి ఎవరిని తీసుకోవాలో, ఎవరిని పంపాలో చూసే డైరెక్టర్ కుర్చీలో కూర్చుని ఐదు రోజులైంది. పిలుపు మాత్రం పాతదే మిగిలింది. "గోల్‌కీపర్‌కి ముప్ఫై ఆరు దాటాయి. ఈ సీజన్‌తో సరి. రేపే చెప్పెయ్" అని ప్రెసిడెంటు గారు నిన్న సాయంత్రం పురమాయించారు. ఆ గోల్‌కీపర్‌ని అందరూ గోడ అంటారు. ఊళ్ళు తిరిగినప్పుడల్లా పదేళ్ళుగా హోటల్లో కెప్టెన్‌తో ఒకే గదిలో ఉన్న గోడ.

పదింటికి గోడ తడి తలతో వచ్చి కూర్చున్నాడు. "ఏంట్రా, కోటు వేసుకుని ఉక్కిరిబిక్కిరైపోతున్నావ్?"

"కాంట్రాక్టు గురించి పిలిచాను."

గోడ మొహంలో నవ్వు తగ్గింది. అది చూడగానే కెప్టెన్ అద్దం ముందు చెప్పిన మాటలు వదిలేసి వేరే దారి పట్టాడు. "అదే... ఇన్నేళ్ళు నువ్వు చేసింది మామూలు విషయం కాదు. ఇంక కుర్రాళ్ళకి దారి..." వదలాలి అనబోయి నోరు రాక, "చూపించాలి" అనేశాడు.

"అంటే నేను ఆడుతూ వాళ్ళకి నేర్పించాలా? ఎంత మంచి మాట చెప్పావురా!"

"అది కాదు..." అన్న మాట గోడ ఛాతీలో కూరుకుపోయింది. ఆరడుగుల మూడంగుళాల మనిషి కౌగిలించుకుంటే లోపలివాడి మాట బయటికి రాదు.

సరిగ్గా అప్పుడే జెర్సీలు చూసుకునే బాబాయ్ టీలు పట్టుకొచ్చాడు. చివరి మాటలు విన్నాడు. టీలు బల్ల మీద పెట్టి, వచ్చినంత వేగంగా వెళ్ళిపోయాడు. కెప్టెన్ మెట్లు దిగేసరికి డ్రెస్సింగ్ రూమంతా బెంచీలు వాయిస్తోంది. ఒక మూల గోడ ఫోన్‌లో భార్యతో అంటున్నాడు: "ఇల్లు మారక్కర్లేదే. పాపకి స్కూలూ మార్చక్కర్లేదు. నిజంగా!"

కెప్టెన్ ఫోన్ కూడా మోగింది. అతని భార్య. "ఏవండీ, గోడన్నయ్య వాళ్ళావిడ ఇప్పుడే ఫోన్ చేసి సంతోషంతో ఏడ్చేసింది. ఈ ఉద్యోగంలో మీరు మారిపోతారేమోనని భయపడ్డాను. క్షమించండి."

"ఊఁ" అన్నాడు కెప్టెన్. ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

ఈ గోలకి పై అంతస్తు నుంచి ప్రెసిడెంటు గారు దిగివచ్చారు. గుమిగూడిన జట్టునీ, మధ్యలో కళ్ళు తుడుచుకుంటున్న గోడనీ చూసి ఆయన వేరేగా అర్థం చేసుకున్నారు. "వీడ్కోలు ఇంత హుందాగా జరగడం నేనెక్కడా చూడలేదు" అని కెప్టెన్ భుజం తట్టి, గొంతు సవరించుకున్నారు. "ఈయన మన గోల్‌కి కాపలా కాశారు. ఈయన లేని లోటు తీరనిది..."

బెంచీల చప్పుడు ఆగిపోయింది. గోడ కెప్టెన్ వైపు చూశాడు. కెప్టెన్ నేల వైపు చూశాడు. ఈ గది మధ్యలో నేల చీలితే దూకేద్దామనిపించింది అతనికి.

"అవును సార్, వెళ్ళిపోతున్నాను" అన్నాడు గోడ నెమ్మదిగా. "నది అవతలి క్లబ్బు వాళ్ళు పిలిచారు. పాపం కెప్టెన్ పొద్దున్నుంచీ ఆపాలనే చూస్తున్నాడు. తప్పు నాదే."

నది అవతలి క్లబ్బు పేరెత్తితే ప్రెసిడెంటు గారికి అన్నం సహించదు. "వాళ్ళా? మన గుట్టుమట్లన్నీ తెలిసినవాణ్ణి వాళ్ళకిస్తామా?" ఆయన కెప్టెన్ వైపు తిరిగారు. "నిలబడి చూస్తావేంటయ్యా! రెండేళ్ళ కాంట్రాక్టు రాయించు. కుర్రాళ్ళకి నేర్పించే పని కూడా అందులో పెట్టు. నేను పైనే ఉంటా, సంతకానికి పట్టుకురా!"

మెట్ల దగ్గర ఇద్దరే మిగిలాక కెప్టెన్ అడిగాడు: "వాళ్ళెప్పుడు పిలిచార్రా నిన్ను?"

"ఎవరూ పిలవలేదు. అందరి ముందూ నీ మొహం చూడలేకపోయాను." గోడ మెట్టు మీద కూలబడ్డాడు. "మా ఆవిడకి ఏం చెప్పాలా అని అప్పుడే ఆలోచించుకుంటున్నాను. సార్ ఇలా మాట మార్చేస్తారని నాకేం తెలుసు?"

కెప్టెన్ కూడా పక్కనే కూర్చున్నాడు.

"పొద్దున నీకు సూటిగా చెప్పలేకపోయాను. తప్పు చేశాను" అన్నాడు. "సార్‌కైనా నిజం చెప్పేస్తాను. ఉద్యోగం పోతే పోనీ."

"చెప్పు. పొద్దున నాకు చెప్పినట్టే చెప్పు."

కెప్టెన్ కోటు సర్దుకుని నిజం చెప్పడానికే పైకి వెళ్ళాడు. పది నిమిషాల్లో కిందికి దిగేసరికి కాంట్రాక్టులో మూడో ఏడు కూడా చేరింది.