సైడ్ ఎఫెక్ట్ లేని జిల్లా

టీకా వేయించుకున్న ఏ పసిబిడ్డకూ ఈ ఏడాది మన జిల్లాలో ఒళ్లు కూడా వెచ్చబడలేదని ఆరోగ్య మంత్రిగారు నిండు సభలో ప్రకటించారు. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. టీకాల నిఘా ఆఫీసరు గారి జీపు నడిపేవాణ్ణి, కొట్టకపోతే బాగుండదు.

నిఘా అంటే, సూది పడ్డాక పిల్లలకు ఏమైనా అయితే రాసుకుని, పైకి తెలియజేసి, వైద్యం చేయించడం. మా సారు ఆ పని ఎంత శ్రద్ధగా చేశారంటే, రాసుకోవడానికి ఏమీ మిగల్లేదు.

ఆ మర్నాడే ఓ తల్లి పాపను చంకనేసుకుని ఆఫీసుకు వచ్చింది.

"సూది పడ్డ కాసేపటికే ఒళ్లంతా దద్దుర్లు లేచాయి సార్. ఊపిరాడక పిల్ల నీలంగా అయిపోయింది. పరిగెత్తుకెళ్లి ఆస్పత్రిలో వేస్తే బతికింది. వచ్చే నెల రెండో సూది ఉందట. ఈలోగా పెద్ద డాక్టరుకి చూపించండి."

సారు పాపను చూశారు. పాప ఆయన కళ్లద్దాలు లాగబోయింది.

"బంగారంలా ఉందిగా."

"ఇప్పుడు బాగుంది సార్. అప్పుడు లేదు."

"మరి అప్పుడే రావాలి కదమ్మా. చెమటకాయలై ఉంటాయి."

"చెమటకాయలకి ఊపిరాగుతుందా సార్?"

"మీరు డాక్టరా?"

కాదంది. సారూ డాక్టరు కాదు గానీ, ముందు అడిగింది ఆయన. దాంతో విషయం తేలిపోయింది.

అంతా సజావుగా సాగుతుండగా పైనుంచి తనిఖీకి ఓ పెద్దావిడ వచ్చింది. మర్యాద తెలియని మనిషి. కాఫీ ముట్టకుండానే మొదలుపెట్టింది.

"ఇంతమందికి టీకాలు వేస్తే ఒక్క జ్వరమూ లేదా? కొందరికి ఒకటి రెండు రోజులు జ్వరం రావడం మామూలే. లేదంటే మీరు చూడటం లేదన్నమాట. లేకపోతే టీకాలే వేయలేదన్నమాట."

సారు ముఖానికి సున్నం కొట్టినట్టయింది. మంత్రిగారు ఫోన్లో ఒక్కటే మాట అన్నారట: "సాయంత్రానికల్లా నాకు జ్వరాలు కావాలి."

కర్తవ్యదీక్ష అంటే ఏమిటో ఆ రోజు కళ్లారా చూశాను. వీధి వీధీ జీపు తిప్పాను. సారు స్వయంగా దిగి తలుపులు కొట్టారు.

"టీకా వేశాక బాబుకి జ్వరం వచ్చిందా అమ్మమ్మా?"

"లేదు నాయనా. పళ్లొస్తున్నాయి, అందుకే కాస్త వెచ్చగా ఉన్నాడు."

"వెచ్చగా ఉన్నాడు కదా, చాలు."

ఇంకో ఇంట్లో పిల్లాడు అప్పుడే ఎండలో ఆడి వచ్చాడు. వాణ్ణీ వదల్లేదు. చీకటి పడేసరికి తనిఖీవాళ్లు మెచ్చేటన్ని జ్వరాలు పోగయ్యాయి. మనది ఇప్పుడు అప్రమత్త జిల్లా అని మంత్రిగారు ఇంకో ప్రకటన చేశారు. ఈసారి చప్పట్లు ఎక్కువసేపు కొట్టాం.

ఆ సంగతి విని ఆ తల్లి మళ్లీ వచ్చింది.

"అందరివీ రాసుకున్నారట. మా పాపదీ రాసుకోండి సార్."

"మీది పెద్దదమ్మా. పెద్దది రాస్తే ఎంక్వైరీ వస్తుంది. మాకు కావలసినవి చిన్నవి. పోనీ మీ మాట కాదనలేక జ్వరమని రాస్తాను."

"జ్వరమంటే మామూలుగా సూది వేసేస్తారు కదా. నేను సూది వద్దనడం లేదు సార్. డాక్టరు చూసి, పక్కన ఉండి వేయమంటున్నాను."

"అంటే మామూలుగా వేయించరన్నమాట."

"అది కాదు సార్..."

"టీకా నిరాకరణ," అన్నారు సారు, ఎంతో బాధగా.

నిరాకరించే తల్లుల భయం పోగొట్టాలని మంత్రిగారి ఆదేశం. అందుకని రెండో సూది రోజున పొద్దున్నే జీపు మీద మైకు కట్టి, తీసుకెళ్లి ఆమె గుమ్మం ముందే ఆపాను. సారు నా పక్కన కూర్చున్నారు.

"తల్లులారా, భయం వద్దు. మీ బిడ్డకు ఏ చిన్న ఇబ్బంది కలిగినా మాతో చెప్పండి. వినడానికే మేమున్నాం," అని రికార్డు మోగుతోంది.

పాపను ఎత్తుకుని ఆమె గబగబా బయటకు వచ్చింది. సారు వైపు కిటికీ పట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది. పెదాలు కదులుతున్నాయి గానీ, ఆ మోతలో మాట వినబడటం లేదు.

సారు నాకేసి తిరిగి, సౌండ్ పెంచమన్నారు.