పెళ్ళికూతురి సెలవు బిల్లు

ఒక కొత్త పెళ్ళికూతురికి మూడు రోజులు సెలవు ఇవ్వవచ్చునా అన్న అంశాన్ని దేశ చట్టసభ పంతొమ్మిది రోజులపాటు కూలంకషంగా చర్చించి తేల్చిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఆ పంతొమ్మిది రోజులూ దేశంలో మరే సమస్యా లేకపోవడం మన అదృష్టం.

సదరు పెళ్ళికూతురు దిగువ సభలో స్టెనో. సభ్యులు మాట్లాడిందంతా పొల్లుపోకుండా రాయడం ఆమె ఉద్యోగం. అందులో అర్థం వెతకడం ఉద్యోగంలో భాగం కాదు కనుక ఆరోగ్యంగానే ఉంది. పెళ్ళయి ఇరవై రెండు రోజులు. మొగుడు కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తాడు. పొద్దున్నే ఇద్దరూ ఒకే అద్దం ముందు తోసుకుంటూ తల దువ్వుకోవడం కూడా ఆమెకు పెద్ద వేడుకే. మొగుడి పిన్నికి సముద్రం ఒడ్డున రెండు గదుల ఇల్లుంది. నెలాఖరుకి అందులో అద్దెవాళ్ళు దిగుతారు. ఈలోగా వెళితే కిటికీలో సముద్రం, లేకపోతే జీవితాంతం క్యాలెండర్‌లో సముద్రం.

అంచేత ఆమె నెల మొదట్లోనే సెలవు చీటీ రాసి సెక్షన్ ఆఫీసరు బల్ల మీద పెట్టింది. 'నా భర్తతో కలిసి సముద్రం చూడటానికి మూడు రోజులు' అని కారణం కూడా దాచకుండా రాసింది.

ఆ కార్యాలయంలో ఆఫీసు కాగితాలకు తెల్ల నాడా, బిల్లులకు పచ్చ నాడా కడతారు. పచ్చ నాడా కట్టింది ఏదైనా సరే, తిన్నగా సభకు పోతుంది. మర్నాడు సెక్షన్ ఆఫీసరు చేతులు నలుపుకుంటూ వచ్చాడు.

"అమ్మాయ్, చిన్న పొరపాటైంది. తెల్ల నాడా అయిపోతే నీ చీటీకి పచ్చది కట్టా."

"అయ్యో, అయితే విప్పేయండి సార్!"

"ఇంకెక్కడి విప్పడం? సభలో పేరు చదివేశారు. ఇప్పుడది నీ చీటీ కాదు తల్లీ, దేశం సొత్తు."

ఈ సభకు యుద్ధం ప్రకటించే అధికారముంది. పన్నులు వేసే అధికారముంది. ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వాన్ని ఇంటికి పంపే అధికారముంది. పొరపాటున వచ్చిన సెలవు చీటీని వెనక్కిచ్చే అధికారం మాత్రం రాజ్యాంగం ఎంత తిరగేసినా కనబడలేదు.

చర్చ మొదలైంది. ప్రతిపక్ష నాయకుడు బల్ల గుద్దాడు.

"మూడు రోజులా అధ్యక్షా? కాపురమంటే ఈ ప్రభుత్వానికి ఇంత చులకనా?"

మంత్రిగారు లేచారు. "అధ్యక్షా, వారి హయాంలో ఒక్క పెళ్ళికూతురైనా సముద్రం మొహం చూసిందా అని సూటిగా అడుగుతున్నాను!"

పెళ్ళికూతురు తల వంచుకుని, చెవులదాకా ఎర్రబడి, ఇద్దరి మాటలూ రాసుకుంది. రాయాల్సింది కూడా తనే మరి. సాయంత్రం ఇంట్లో ఆ ప్రసంగాలు అభినయించి చూపిస్తే మొగుడు నవ్వలేక మంచం మీంచి కిందపడ్డాడు.

"అంటే మనం సముద్రానికెళ్ళాలా వద్దా అని మూడొందల మంది ఓట్లేస్తారా?"

"మూడొందలు కింది సభలోనే. పై సభలో ఇంకో నూరు."

"మా పిన్ని ఒక్కర్తీ ఒప్పుకుంటే చాలనుకున్నా పిచ్చివాణ్ణి!"

అసలు సముద్రమనేది ఉన్నదా, ఉంటే చూడదగినదేనా అని తేల్చడానికి ఇరవై మందితో ఉపసంఘం వేశారు. వారు సకుటుంబంగా నాలుగు రోజులు సముద్రతీరంలో మకాం వేసి, ఎండకు ముక్కులు కమిలేదాకా శ్రమించి, సముద్రం ఉన్నదని నివేదిక ఇచ్చారు. ఒక సభ్యుడు మాత్రం తాను వెళ్ళినప్పుడు అలలు వెనక్కి పోతున్నాయనీ, ఇది ప్రభుత్వ వైఫల్యమేననీ విడిగా అసమ్మతి రాశాడు.

కింది సభ తొందరపడి చేసిన పనిని నిదానంగా ఆలోచించడానికే ఎగువ సభను పెట్టారు. అక్కడి పెద్దలు ఎంత నిదానంగా ఆలోచిస్తారంటే, ఆలోచిస్తున్నారో నిద్రపోతున్నారో వైద్యుడు చెప్పాల్సిందే. వారు ఆరు రోజులు ఆలోచించి, సముద్రపు గాలి మోకాళ్ళకు మంచిది కాదు గనుక 'సముద్రం' కొట్టేసి 'కొండ' అని సవరించి తిప్పి పంపారు. కొండెక్కితే మోకాళ్ళ గతేమిటని ఎవరూ అడగలేదు. కింది సభ సముద్రమే అంది. పై సభ కొండే అంది. రాజ్యాంగం ప్రకారం ఇలాంటప్పుడు ఉభయ సభలూ ఒకే హాల్లో కూర్చుని కొట్టుకోవాలి.

అప్పటికి నెలాఖరు నాలుగు రోజుల్లోకొచ్చింది. పిన్ని రెండుసార్లు ఫోన్ చేసింది. "ఏమే, మీ దేశం ఇంకా ఒప్పుకోలేదా?"

సంయుక్త సమావేశం నాడు మొగుడు సంచీ సర్దుకుని సందర్శకుల గ్యాలరీలో కూర్చున్నాడు. గ్యాలరీలో అతనొక్కడే. కింద ఒక సభ్యుడికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది: ఈ సెలవు సభ్యులకూ వర్తింపజేస్తే? కొండో సముద్రమో ఎవరిష్టం వారిదైతే? అరవై ఏళ్ళ చరిత్రలో మొదటిసారి రెండు పక్షాలూ ఒకరినొకరు కౌగిలించుకున్నాయి. అయితే ఇదంతా ఎవరో ఒకరు రాయాలి కదా అని ఇంకొకరు గుర్తుచేశారు. దాంతో 'ఒక్క స్టెనో మాత్రం ఆఫీసులోనే ఉండవలెను' అని చేర్చారు.

ఆ వాక్యం ఆమె తన చేత్తోనే రాసుకుంది. పైన మొగుడి మొహం వాడిపోవడం కూడా చూసింది.

ఓటింగుకు ముందు తుది పాఠాన్ని స్టెనో పైకి చదవాలి, సభ విని ఒప్పుకోవాలి. అది నియమం. వినడం మానేసి చాలా కాలమైంది, ఒప్పుకోవడం మాత్రం శ్రద్ధగా పాటిస్తున్నారు. ఆమె లేచి నిలబడి, గొంతు సవరించుకుని, స్పష్టంగా చదివింది.

"ఒక్క స్టెనో తప్ప అందరూ ఆఫీసులోనే ఉండవలెను."

"ఔను!" అంది సభ, ఫోన్లలో టికెట్లు చూసుకుంటూ.

ఆమెకు చెప్పలేనంత హుషారు పుట్టింది. ఇంకో వాక్యం కూడా చదివింది. అదీ "ఔను!" అయింది. మూజువాణి ఓటుతో బిల్లు నెగ్గింది. గ్యాలరీలో చప్పట్లు కొట్టినందుకు ఒక పౌరుణ్ణి మార్షల్స్ బయటికి గెంటేశారు. అతను సంచీతో సహా మెట్ల దగ్గరే నిలబడ్డాడు, ఆమె వచ్చేదాకా. సాయంత్రానికి దేశాధినేత సంతకం పడింది. ఆయన కూడా చదవలేదు. చదవడం ఆయన అధికారాల్లో లేదు.

కిటికీలో సముద్రం మూడు రోజులూ ఉంది. ముక్కులు కమిలాయి. నివేదిక ఎవరూ అడగలేదు.

ఇంతకీ ఆమె చదివిన ఆ రెండో వాక్యం: 'పెళ్ళయి ఎన్నేళ్ళయినా సరే, రోజూ పొద్దున భర్త టీ కాచి భార్యకు అందించవలెను.' చట్టం అమల్లోకొచ్చి ఆర్నెల్లయింది. చట్టం తెలియదనడం సాకు కాదని మీకు తెలుసు. అయ్యా, ఇది చదువుతూ మీరు చప్పరిస్తున్న ఆ టీ ఎవరు కాచారు?