మెరుపు రిబ్బను సుంకవిజయము

గగనమున లోహవిహంగములు గర్జించుచు దిగుచుండగా, నేలమీద ఆటోలు అంతకంటె బిగ్గరగా గర్జించుచుండగా, శంషాబాదు మహాక్షేత్రమున, క్రీస్తుశకము రెండువేల పదమూడవ సంవత్సరమున, రూపాయి డాలరు కాళ్లకడ బోర్లపడి మూల్గుచుండిన భాద్రపదమాసమున, మధ్యాహ్నము మూడుగంటలకు జరిగిన ఘోరసంగ్రామమును చెప్పెద. చెవులు రిక్కించుకొని వినుడు.

తుక్కుగూడ వాస్తవ్యుడు, జొన్నచేలనడుమ పెరిగినవాడు, ఏకైక కంప్యూటరునకు అధిపతియు నగు కుర్మయ్య, చేలలో పిట్టలను బెదరగొట్టు మెరుపు రిబ్బనుచుట్టలను చీనాదేశమునుండి నూరు తెప్పించి, ఆన్‌లైన్ అంగడిలో అమ్ముకొను వీరుడు. జొన్నకంకులు పాలుపోసుకొనుచుండెను, పిచ్చుకసేనలు విరుచుకుపడుచుండెను, రైతులు రిబ్బను కొరకు ముందే డబ్బుకట్టి కూర్చుండిరి. సుంకశాలలో చిక్కిన సరుకును సాయంత్రము ఆరుగంటలలోగా పంపనిచో అంగడివారు వాని దుకాణమును మూసివేయుదురు. పోనీ పంపుదమన్న, సుంకము హెచ్చినచో చుట్టచుట్టకు నష్టమే. ధర ముందే చాటినాడయ్యె, పాపం! కావున ధర్మపత్ని కొండమ్మను బండివెనుక ఎక్కించుకొని సుంకశాలపై దండెత్తెను.

అచట ఫైళ్లదుర్గము వెనుక, కోస్తాసీమనుండి బదిలీపై వచ్చిన సుంకాధికారి కొలువుదీరియుండెను. ఆయన ఒక చుట్టను విప్పి, అది ధగధగలాడుట గాంచి, పెదవి విరిచెను.

“ఇది పెళ్లిపందిరి అలంకరణ సామాను కదండీ. సుంకం ఎక్కువే పడుతుంది.”

కుర్మయ్య మీసము సవరించి సింహనాదము చేసెను:

“ఏంది సారూ, గట్లంటరు? పెండ్లేంది, పందిరేంది! గిది చేన్ల కట్టేది! గాలికి జుయ్యిమన్నదంటే పిట్ట మల్ల అటు దిక్కు సూడదు. మా బాపు ఒడిసెల తిప్పి తిప్పి రెక్కలు ముక్కలు చేసుకున్నడు. గా తిప్పలు తప్పిచ్చేది గిదే. సేద్యం సామాను సారూ!”

అధికారి తన కంప్యూటరున కుర్మయ్య దుకాణపు పుటనే తెరచి, బ్రహ్మాస్త్రమువలె వానివైపు త్రిప్పెను. అందేమున్నది? “పొలానికి, పెళ్లికి, పుట్టినరోజుకి, బోనాలకి, కారు డెకరేషన్‌కి మెరుపుల రిబ్బన్!” ఎవరేమి వెదకినను తన సరుకే కనబడవలెనని, దొరికిన మాటనెల్ల పేరులో కూరిన మహానుభావుడు కుర్మయ్యయే. తన వ్రేలితో తన కన్నే పొడుచుకొనుట యన్న ఇదియే కదా!

“ఏం రాసినవయ్యా!” అని కొండమ్మ నెత్తి కొట్టుకొనెను. “పిట్టలకు రిబ్బన్ అమ్ముకుంట పెండ్లి ముచ్చట నీకెందుకు?”

గడియారము నాలుగున్నర చూపుచుండెను. అంతలో అధికారి కిటికీవైపు చూచి నిట్టూర్చెను. వెలుపల రేకులషెడ్డు దూలములపై పావురముల మహాసైన్యము విడిసియుండి, క్రింద నిలిపిన ఆయన కొత్త స్కూటరునకు అవిచ్ఛిన్నముగా శ్వేతాభిషేకము సల్పుచుండెను.

“రోజూ ఇదే గోలండీ. తుడవలేక చస్తున్నాను.”

కొండమ్మ కన్నులు మెరసెను. “సారూ, జర బయటికి రాండ్రి!” అని చుట్టను లాగి మగనిచేతిలో పెట్టెను. కుర్మయ్య షెడ్డు స్తంభముల నెక్కి, చేనిలో కట్టినట్లే, రిబ్బనును మెలిపెట్టి బిగించి కట్టెను. గాలి వీచెను. రిబ్బను జుయ్యని అరచెను. పావురసైన్యము రెక్కలు టపటపలాడించుచు పలాయనము చిత్తగించెను. ఒకేయొక కులవృద్ధ పావురము మాత్రము కదలక, కుర్మయ్యను గ్రుడ్లురిమి చూచి, మూడడుగులు నడచి, గాలి మరల వీచుటతో మానము విడిచి బుద్వేలు దిక్కునకు ఎగిరిపోయెను.

అధికారి ఖాళీ దూలములను చూచెను. “ఇది అలంకరణే అయితే, ఆ పావురాలకి ఎవరూ చెప్పలేదండీ” అని నవ్వి, లోనికిపోయి కాగితముపై “పక్షులను తోలు సేద్యసామగ్రి” అని వ్రాసి సంతకము గీసెను. ఆరుగంటలకు నాలుగు నిమిషములుండగా సరుకు కొరియరు చేతబడెను.

జయము! దిగ్విజయము! సుంకము పోను, ఖర్చులు పోను, చుట్టకు మిగిలిన లాభము అక్షరాల ఒక్క రూపాయి! దుకాణము నిలిచెను. ఇరుగుపొరుగు అడిగినపుడెల్ల “మా ఆయన కంప్యూటర్ల ఏందో కొడ్తడు” అని తలవంచుకొను కొండమ్మ, నడిరోడ్డున నిలిచి అక్క పోచమ్మకు ఫోనుచేసి, విమానముల హోరు మునిగిపోవునట్లు చాటెను:

“అక్కా! మా ఆయన యాపారం చేస్తడు!”