పొంగని కేకే ఇంటికి మేలు

కేకు పొంగని ఇల్లు, బిస్కెట్లు మాడిన ఇల్లు, రొట్టె రాయిలా దిగిన ఇల్లు సుఖంగా ఉంటాయి. కేకు చక్కగా పొంగిన ఇంటికి ఆ రోజు నుంచే కష్టాలు మొదలవుతాయి. నవ్వకండి! నేను ఊరికే అనడం లేదు. వారం వారం ఓవెన్ ముందు మోకాళ్ళు అరగదీసుకుని తెలుసుకున్న సత్యం ఇది.

ముందు నా గురించి చెప్పుకోవాలి. జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో ఒక మందుల షాపులో ఫార్మసిస్టుని. మాత్ర తేడా రానివ్వని మనిషినని డాక్టర్లు కూడా ఒప్పుకుంటారు. అందరూ నన్ను ఉమ్ రాకాన్ అంటారు, అంటే రాకాన్ వాళ్ళమ్మ. కాలేజీ వయసుకి దగ్గరపడుతున్న ఆ రాకాన్, వాడి చెల్లెలు జుమానా, మా ఆయన సుహైబ్, మా అత్తగారు హాజా ఇంతిసార్. ఇదీ నా సంసారం.

వారంలో నాకు సెలవు శుక్రవారం ఒక్కటే. ఆ రోజు మధ్యాహ్నం ఇంటిల్లిపాదికీ భోజనం ఎలాగూ నేనే వండుతాను, అది పని కింద ఎవరూ లెక్క కట్టరు. నేనూ కట్టను. కానీ మగవాళ్ళు మసీదుకు వెళ్ళి, నమాజు అయ్యాక గుమ్మం దగ్గర ఎదురుపడ్డ ప్రతివాళ్ళతోనూ మాట్లాడి తిరిగొచ్చే దాకా ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. ఆ కాసేపు బాల్కనీలో కూర్చుని ఒక కప్పు యాలకుల కాఫీ వేడివేడిగా తాగాలని నా కోరిక. మరీ అత్యాశ అంటారా?

అలాంటి నా శుక్రవారంలోకి కేకు ఎలా వచ్చింది? మా అత్తగారి నోటి వెంట వచ్చింది. ఒకనాడు ఆవిడ బజారు కేకు ముక్కను చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"మా రోజుల్లో తల్లి బతికున్న ఇంట్లోకి బజారు కేకు వచ్చేది కాదమ్మాయ్," అన్నారు.

దాంతో నేను బతికే ఉన్నానని నిరూపించుకోవలసి వచ్చింది.

మొదటి వారం ఫోన్‌లో వీడియో ముందు పెట్టుకుని, అందులో వంట చేసే ఆవిడ ఎలా చెబితే అలా చేశాను. ఓవెన్‌లో ఉన్నంతసేపూ కేకు బుద్ధిగా లేచింది. బయటికి తీయగానే నా మొహం చూసి మధ్యలో కుంగిపోయింది. మీరైతే బాధపడేవారు. మా రాకాన్ బాధపడలేదు. ఆ గుంటలో పెరుగు పోసుకుని, చెంచా వేసుకుని తిన్నాడు. "గిన్నె కడిగే పని తప్పింది కదమ్మా," అన్నాడు. వాడికి గిన్నె కడగడం అనే పని ఒకటి ఉంటుందని తెలుసునన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. పొంగిన కేకు వల్ల ఇలాంటి విషయాలు బయటపడతాయా?

తర్వాత రొట్టె. ఏ జ్వరానికి ఎంత మందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఈస్ట్‌కి ఎంత వేడి నీళ్ళు పొయ్యాలో మాత్రం తోచక, మరిగే నీళ్ళు పోసి దాన్ని అక్కడికక్కడే చంపేశాను. రొట్టె చెక్కలా దిగింది. మా ఆయన ఒక ముక్క నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టాడు. నములుతూనే ఉన్నాడు. ఆ పూట ప్రభుత్వం గురించి, పెట్రోలు ధర గురించి, మా తమ్ముడి గురించి ఒక్క మాట లేదు. పెళ్ళయ్యాక మా ఇంట్లో అంత నిశ్శబ్దమైన భోజనం జరగలేదు.

ఇంకో వారం హరీసా చేశాను. రవ్వతో చేసే ఆ కేకు వేడిగా ఉన్నప్పుడు చల్లని పాకం పొయ్యాలి. నాకు అటు షాపు నుంచి ఫోను, ఇటు జుమానా లెక్కల హోంవర్కు. వేడి కేకు మీద వేడి పాకం పోశాను. అది కాస్తా జావైపోయింది. కొయ్యడానికి లేదు కనుక ట్రే మధ్యలో పెట్టుకుని అందరం చుట్టూ కూర్చుని చెంచాలతో తిన్నాం. వేళ్ళన్నీ జిగురు. ఆ జిగురు వేళ్ళతో ఫోను ముట్టుకోవడం కుదరదు. మా పిల్లలు చాలాసేపు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. జుమానా వాళ్ళన్నయ్యతో, "నీకు మీసాలొస్తున్నాయే!" అంది.

ఇక రంజాను పండగకి చేసిన మఅమూల్ సంగతి. లోపల ఖర్జూరమో గింజలో కూరి చేసే ఈ బిస్కెట్లకి చెక్క అచ్చులుంటాయి. చప్పటి గుండ్రం అచ్చులో ఖర్జూరం, గుమ్మటం లాంటి దాంట్లో అక్రోటు, పొడుగు దాంట్లో పిస్తా. తినేవాళ్ళు ఆకారం చూసి చెయ్యి పెడతారు. ఊరంతా నమ్మే లెక్క అది. షాపు నుంచి వచ్చి, నిలబడి కునుకు తీస్తూ, నేను చప్పటి అచ్చులో అక్రోటు కూరాను. పెట్టుడు పళ్ళున్న మా అత్తగారు చప్పటిది చూసుకుని, మెత్తటి ఖర్జూరమే కదా అని ధైర్యంగా కొరికారు. టక్కున చప్పుడైంది. ఇంట్లో అందరం ఆవిడ వైపే చూశాం.

ఆవిడ నోట్లోంచి పళ్ళు తీసి అరచేతిలో పెట్టుకుని పరీక్షించారు. విరగలేదు. మళ్ళీ పెట్టుకున్నారు.

"నీకు నా మీద కోపముంటే నోటితో చెప్పొచ్చు కదమ్మాయ్," అన్నారు.

అయినా చూడండి, ఆ తర్వాత నాలుగు వారాలు ఆవిడ నా వంటకి వంక పెట్టలేదు. ముందు నన్ను తినమని, నా పళ్ళు చప్పుడు చెయ్యలేదని తేల్చుకుని, ఆ తర్వాత తిన్నారు. ఇంతటి మర్యాద ఏ కోడలికి దక్కుతుంది?

పొంగని కేకు వల్ల ఇరుగుపొరుగుతో కూడా పేచీ ఉండదు. మా పై అంతస్తులో ఉమ్ ముహన్నద్ అక్క ఉంటుంది. నాకంటే పెద్దది. ఆవిడ చెయ్యి పెడితే ఏదైనా పొంగుతుంది. ఏది చేసినా మాకు ఒక పళ్ళెం పంపుతుంది. వచ్చిన పళ్ళెం ఖాళీగా తిరిగి పంపడం మా దగ్గర పెద్ద తప్పు. అలా పంపేదానికన్నా పళ్ళెం పగిలిందని అబద్ధమాడటం మేలు. నా దగ్గర ఆవిడ పళ్ళేలు పేరుకుపోయాయి. మాడినవి పెట్టలేను, ఖాళీగా పంపలేను. ఒకసారి ఉండబట్టలేక బజారు బిస్కెట్లు అందంగా పేర్చి, పైన కాస్త పంచదార పొడి చల్లి పంపాను. ఆవిడ మెట్ల మీద ఎదురైంది.

"ఏమ్మా, బిస్కెట్లు నీ చేత్తో చేసినవేనా?"

"అవునక్కా."

"చెయ్యి బాగా తిరిగిందే. ఒక్కొక్క దాని మీదా కంపెనీ పేరు కూడా అచ్చు పడింది."

అంతే. ఆ రోజు నుంచి మాకు పంపేవి కాగితం పళ్ళేల్లో పంపింది, తిరిగివ్వాల్సిన బాధ లేకుండా. ఓడిపోయిన మనిషి మీద లోకానికి ఎంత దయ ఉంటుందో నాకు అప్పుడు అర్థమైంది.

ఇలా హాయిగా సాగిపోతుంటే, ఒక శుక్రవారం ఘోరం జరిగింది.

కేకు పొంగింది.

నారింజ కేకు. నా తప్పేం లేదు, అంతా ఎప్పటిలాగే చేశాను. ఏమైందో ఏమో, బంగారు రంగులో గుండ్రంగా లేచి, కుంగకుండా నిలబడింది. మా ఆయన ఒక ముక్క తిని రెండో ముక్క అడిగాడు. అత్తగారు నన్ను ముందు తినమనలేదు. నేనూ మనిషినే కదా, పొంగిపోయాను. మా షెల్ఫులో ఉన్న ఉమ్ ముహన్నద్ పళ్ళేలన్నిటిలోనూ కేకు పెట్టి పైకి పంపించాను.

"నీ చేతులు చల్లగా ఉండాలి," అని అందరూ దీవించారు. ఆ దీవెన అందుకున్న చేతులకి మరుసటి వారం ఏమవుతుందో తెలుసా?

అత్తగారి ఖురాన్ పారాయణానికి వచ్చే ఆడవాళ్ళకి ఒక కేకు. రాకాన్ ఫుట్‌బాల్ జట్టుకి ఒకటి. వాళ్ళు ఆ వారం ఓడిపోయారు కనుక ఓదార్చడానికి ఇంకొకటి. జుమానా స్కూల్లో చందాల కోసం కేకుల అమ్మకం, అందులో టీచరు నా పేరు నన్ను అడక్కుండానే రాసుకుంది. మా ఆయన ఆఫీసులో చెప్పాడట, "మా ఆవిడకి ఇదో లెక్క కాదు, చిటికెలో చేసేస్తుంది," అని. ఇక పళ్ళేల సంగతి చెప్పనే అక్కర్లేదు. మా కేకు తిన్న ప్రతి ఇంటి నుంచీ ఏదో ఒకటి నింపుకుని పళ్ళెం వచ్చింది. ఆ పళ్ళెం ఖాళీగా పోకూడదు కనుక నేను నింపాను. అది మళ్ళీ నిండి వచ్చింది. మా మెట్ల మీద ఆ రోజుల్లో మనుషులకంటే పళ్ళేలే ఎక్కువ తిరిగాయి.

మగవాళ్ళు మసీదుకు వెళ్ళేటప్పుడు నేను ఓవెన్ ముందు ఉన్నాను. తిరిగొచ్చేటప్పుడూ అక్కడే ఉన్నాను. పొయ్యి పక్కన పెట్టుకున్న కాఫీ మీద పిండి పడి, చల్లారి, అలాగే సింకులోకి పోయేది. ఒక శుక్రవారం ఆ కప్పు కడుగుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉల్లిపాయలు కూడా తరగడం లేదు, వాటి మీదికి నెట్టడానికి. నేను గట్టిగా నమ్ముతున్నాను, విజయం వల్ల మనిషికి కలిగేది ఇదే.

అందుకని ఏం చేశానంటారా? చెబుతాను, మా ఇంట్లో వాళ్ళు నా వ్యాసాలు చదవరు.

ఒక శుక్రవారం కేకు ఓవెన్‌లో పెట్టి, మంట పూర్తిగా పెంచి, కాఫీ కలుపుకుని బాల్కనీలోకి వెళ్ళి కూర్చున్నాను. ఎండ హాయిగా ఉంది. కాఫీ నాలుక కాలేంత వేడిగా ఉంది. వెనకనుంచి మెల్లగా వాసన మొదలైంది. నేను కదలలేదు. పై బాల్కనీలోంచి ఉమ్ ముహన్నద్ తొంగి చూసింది.

"ఉమ్ రాకాన్, మీ ఇంట్లో ఏదో మాడుతోందమ్మా."

"తెలుసక్కా. కాసేపు మాడనివ్వండి."

ఆవిడ నా వైపు చూసింది, నా కప్పు వైపు చూసింది. లోపలికి వెళ్ళింది. కొద్దిసేపటికి తనూ ఒక కప్పుతో వచ్చి పైన కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇంకాసేపటికి పై నుంచి కూడా మాడు వాసన వచ్చింది. ఆవిడ చేతిలో ఏదైనా మాడటం ఆ బిల్డింగ్‌లో అదే మొదలు.

తర్వాతి శుక్రవారం కూడా కేకు మాడింది. ఆ తర్వాతది కూడా. మళ్ళీ సుఖపడే రోజులు వచ్చాయని నేననుకున్నాను. కానీ మా వాళ్ళు నన్ను అంత తేలిగ్గా వదిలే మనుషులు కారు. వాళ్ళకి నా మీద జాలి పుట్టింది. నా వెనక గుసగుసలు, ఫోన్లు. నేను గదిలోకి వెళితే మాటలు ఆగిపోయేవి.

మదర్స్ డే నాడు షాపు నుంచి వచ్చేసరికి వంటింట్లో కొత్త ఓవెన్ ఉంది. నా నడుము ఎత్తు ఉంది. చుట్టూ రిబ్బను. పక్కనే నలుగురూ వరసగా నిలబడి నవ్వుతున్నారు.

"ఒకేసారి మూడు ట్రేలు పడతాయమ్మా," అంది జుమానా.

"టైమ్ అవగానే అదే ఆగిపోతుంది. ఇక జన్మలో మాడదు," అన్నాడు రాకాన్.

"నీ బాధ చూడలేకపోయానమ్మాయ్. నా వంతు నేనూ వేశాను," అన్నారు అత్తగారు. ఆవిడ కళ్ళు చెమర్చాయి, నిజంగానే.

మా ఆయన గర్వంగా దాని మీద చెయ్యి వేశాడు. "ఇక నువ్వు దాని ముందు నిలబడక్కర్లేదు. పెట్టేసి, హాయిగా వెళ్ళి కూర్చోవడమే."

"ఎవరు పెట్టేసి?" అన్నాను.

నేను గట్టిగా అనలేదు. రాకాన్ జుమానా వైపు చూశాడు. జుమానా నానమ్మ వైపు చూసింది. ఆవిడ కొడుకు వైపు చూశారు. మా ఆయన ఓవెన్ వైపు చూశాడు. ఓవెన్‌కి చూడటానికి ఎవరూ లేరు.

"కేకులు నాకు ఇష్టమే," అన్నాను. "కూర్చోవడం ఇంకా ఇష్టం. కూర్చుని చాలా రోజులైంది."

తర్వాత రెండు శుక్రవారాలు ఆ ఓవెన్ రిబ్బనుతో అలాగే నిలబడింది. నేను దాన్ని ముట్టుకోలేదు, ఎవరినీ ముట్టుకోమని అడగలేదు. కేకు అడిగినవాళ్ళని చూసి నవ్వి ఊరుకున్నాను. మా ఇంట్లో వాళ్ళు దాని పక్కనుంచి వెళ్ళేటప్పుడు కాస్త తప్పుకుని వెళ్ళారు.

ఇవాళ శుక్రవారం. నేను బాల్కనీలో కూర్చుని ఇది రాస్తున్నాను. మా ఆయన మసీదు నుంచి ఎవరితోనూ మాట్లాడకుండా తిన్నగా ఇంటికొచ్చాడు. వంటింట్లో రిబ్బను చింపిన చప్పుడు వినిపించింది. గుడ్డు ఒకటి కిందపడ్డ చప్పుడు కూడా వినిపించింది. తండ్రీ కొడుకులు పాలు ముందా, నూనె ముందా అని తగువు పడుతున్నారు. అత్తగారు ఇద్దరినీ తప్పంటున్నారు. జుమానా వీడియో మళ్ళీ మొదటినుంచి పెట్టింది.

ఇప్పుడే మా ఆయన కేక వేశాడు. "ఉమ్ రాకాన్, బేకింగ్ పౌడర్ ఎక్కడుంది?"

ఎక్కడుందో నాకు తెలుసు. రెండో అరలో, బియ్యం డబ్బా వెనక. చెబితే కనబడటం లేదంటాడు, ఒక్కసారి వచ్చి చూపించమంటాడు. చూపించడానికి వెళితే నేను మళ్ళీ ఇక్కడికి రాలేను.

"వెతకండి," అన్నాను. కాఫీ ఇంకా సగం ఉంది.