మిట్టవీధి బడి గ్రౌండు

ఆ సోమవారం హెడ్‌మాస్టరు మునికృష్ణ పెట్టుకున్న పని ఒక్కటే. సాయంత్రంలోగా ఒక ఫోటో తీసి పైకి పంపాలి. మదనపల్లెలోని సర్కారు బడులన్నిటి గురించీ పైవాళ్లు ఒక ప్రొఫైలు తయారుచేస్తున్నారు. మిట్టవీధి ప్రాథమిక పాఠశాల నుంచి గదుల ఫోటోలు, మరుగుదొడ్ల ఫోటోలు, గుడ్డు తింటున్న పిల్లల ఫోటోలు అప్పటికే వెళ్లాయి. పాఠం చెబుతున్న ఫోటో ఎవరూ అడగలేదు. ఇక మిగిలింది ఆటస్థలం.

"గ్రౌండు లేని బడిని పుంగనూరు రోడ్డుకు అవతలుండే బడిలో కలిపేస్తారంట సార్. ఒకటో తరగతి పిల్లోళ్లు ఆ లారీల నడుమ యెట్ల దాటేది?" అంది ఉషా టీచరు.

మునికృష్ణకు పిల్లల మీద జాలి వేసింది. బడి పోతే తనను కుప్పం దాటించి గుడుపల్లెకు వేస్తారన్న భయమూ వేసింది. రెండిట్లో ఏది ఎక్కువో అడిగి ఆయన్ని ఇబ్బంది పెట్టకూడదు.

ఎంత వెతికినా బడికి గ్రౌండు లేదు. వెనక గంగులయ్య టమోటా మండీ మాత్రం విశాలంగా ఉంది. లారీలు వెళ్లిపోయాక మధ్యాహ్నం అది ఖాళీగా పడి ఉంటుంది.

"గంగులయ్య అన్నానికి పోయుండాడు సార్. పిల్లోళ్లను ఆడ పరిగెత్తిస్తే అది గ్రౌండు గాక ఇంకేమైతాది?" అంది ఆయా బయ్యమ్మ.

పిల్లలు పరిగెత్తారు. కింద చితికిన టమోటాలు ఫోటోలో ఎర్రమట్టి ట్రాకులా పడ్డాయి. మునికృష్ణ ఫోటో పంపించి, హాయిగా టీ తెప్పించుకున్నాడు.

బుధవారం బడుల సూపర్‌వైజరు జయచంద్ర ఫోను చేశాడు. "సార్, మీ గ్రౌండు సూసి పైవాళ్లు అదిరిపోయినారు. శుక్రవారం టౌను బడుల ఆటలపోటీలన్నీ మీ దగ్గరే!"

నిజం చెప్పేయవచ్చు. కానీ ముందు పంపిన ఫోటోకు సంజాయిషీ ఇచ్చుకోవాలి. అందుకని ఆయన ఇంకో అబద్ధం ఆడాడు. "గ్రౌండయితే ఉండాది సార్. కానీ టమోటావాళ్లు ఆక్రమించుకోని ఉండారు."

దాంతో పోటీలు ఇంకెక్కడికో పోతాయని ఆయన ధీమా. ఆక్రమణ అన్న మాట వినగానే ఆఫీసులు ఎలా నిద్రపోతాయో తన సర్వీసంతా చూశాడు. కానీ అచ్చుకు వెళ్లిన ప్రొఫైలులో గ్రౌండు ఎక్కేసింది. దాన్ని తీసేయడం కన్నా మండీని తీసేయడమే పైవాళ్లకు సులువనిపించింది. గురువారం పొద్దున్నే జేసీబీ వచ్చి నిలబడింది.

దాని వెనకే గంగులయ్య పరుగెత్తుకొచ్చాడు. మునికృష్ణ బీరువా చాటుకు చేరాడు.

"సార్ యాడుండాడు?"

"బాత్రూములో," అంది బయ్యమ్మ, బీరువా వైపు చూస్తూ.

గంగులయ్య వెళ్లి హెడ్‌మాస్టరు రెండు చేతులూ పట్టుకున్నాడు. "తప్పయిపోయింది సార్! మా నాయన కాలంలోనే కంచె జరిపినాం. అది బడి జాగా అని మీకెవురు సెప్పినారు?"

మునికృష్ణ నోరు తెరుచుకుంది. అది వెంటనే మూతబడడం ఆయన అదృష్టం.

"మాకు తెలీకుండా యేముంటాదప్పా!" అన్నాడు గంభీరంగా.

పోటీలు బ్రహ్మాండంగా జరిగాయి. మిట్టవీధి పిల్లలు మొదటిసారి తమ సొంత నేల మీద, ఎవరూ తరమకుండా, మోకాళ్లు దోక్కుపోయేలా ఆడారు. చూస్తుంటే ఉషా టీచరుకు కళ్లు చెమర్చాయి. మునికృష్ణకు శాలువా కప్పారు. ఆ జాగా కోసం తాను చేసిన పోరాటం గురించి ఆయన మైకులో మాట్లాడుతున్నంత సేపూ ఆమె ఆకాశం వైపు చూస్తూ కూర్చుంది.

మరుసటి వారం జయచంద్ర స్వయంగా వచ్చాడు. బడిని రోడ్డు అవతలి బడిలో కలిపేస్తున్నారని చెప్పాడు.

"యాల సార్? గ్రౌండు ఉండాది కదా!" అన్నాడు మునికృష్ణ, కాళ్లకింద నేల కదిలినట్టయి.

"అదే సార్ వచ్చిన చిక్కు. అంత గ్రౌండుకు తగిన బడి కాదంట మీది. ఈడ స్టేడియం కడతారంట. మీకు గుడుపల్లె ఇచ్చినారు."

మర్నాటి నుంచి ఉషా టీచరు పిల్లల చేతులు ఒకరివొకరికి పట్టించి పుంగనూరు రోడ్డు దాటించసాగింది. లారీలు హారన్ కొడుతున్నాయే కానీ ఆగడం లేదు. "మన గ్రౌండుకు మళ్లీ యెప్పుడు పోతాము టీచర్?" అని ఒక పిల్ల అడిగితే ఆమెకు కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక ఆ పిల్ల చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

ఆ ఏడు పట్టణంలో ఉత్తమ పాఠశాల మైదానంగా ఎంపికైంది మిట్టవీధి గ్రౌండే. దానికి పాఠశాల ఉందా అని ఎవరూ అడగలేదు.