మేనమామ సగం ఒడి

సాఫ్ట్‌వేర్ కంపెనీలో, పనిని ముక్కలుగా చేసే ఎజైల్ పద్ధతి టీమ్ లీడర్ శిక్షణలో చేరిన మొదటి రోజున మహిపాల్ తన రెండు మోకాళ్లూ ఆఫీసులో అప్పగించి రసీదు తీసుకున్నాడు. శిక్షణ చూసే వైదేహి మేడమ్ వాటిని ప్లాస్టిక్ కవర్లో వేసి, నంబరు రాసి, బీరువాలో పెట్టి తాళం వేసింది. రోజూ పొద్దున టీమంతా నిలబడే మాట్లాడుకోవాలి, పదిహేను నిమిషాల్లో ముగించాలి. మోకాళ్లున్నవాడు ఎప్పుడో ఒకప్పుడు కూర్చుంటాడు, కూర్చున్నవాడు మాట్లాడుతూనే ఉంటాడు. ఇందులో తప్పుపట్టడానికేముంది? ఒరిజినల్ సర్టిఫికెట్లు లాగేసుకునే కంపెనీల కంటే ఇది నయమే.

మహిపాల్ త్వరగానే అలవాటుపడ్డాడు. హాస్టల్లో ఫ్రిజ్ మీద కంచం పెట్టుకుని తినేవాడు. మెట్రోలో సీటు కోసం తోసుకునేవాళ్లను చూసి జాలిపడేవాడు. పొద్దున్నే ఒక్కొక్కరినీ నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, అడ్డేమైనా ఉందా అని అడిగేవాడు. అడ్డు ఉందంటే పసుపు చీటీ మీద రాసి బోర్డుకు అంటించేవాడు. అంటించగానే ఆ అడ్డు తొలగిపోయినంత హాయిగా ఉండేది.

మూడో నెలలో సూర్యాపేట నుంచి అక్క స్వరూప ఫోన్ చేసింది.

"తమ్మీ, అచ్చే నెల మొదటి ఐతారం ఆద్యకు చెవులు కుట్టిస్తున్నం. నీ ఒళ్లెనే కూసోవెట్టాలె. ఉన్నది ఒక్క మేనమామవు, యాదుంచుకో."

మహిపాల్ సరేనని ఫోన్ పెట్టేసి తన కాళ్ల వైపు చూసుకున్నాడు. మోకాళ్లు లేనివాడికి ఒడి ఎక్కడిది? ఆద్య పుట్టిన రోజు ఆసుపత్రిలో అందరికంటే ముందు ఎత్తుకున్నది అతనే. ఆ పిల్లంటే అతనికి ప్రాణం.

"దానికేముంది, చీటీ రాయి" అంది వైదేహి మేడమ్, సంగతి విని.

పద్ధతి ప్రకారమే రాశాడు: 'ఒక మేనమామగా నాకు ఒడి కావాలి, ఎందుకంటే మేనకోడలికి చెవులు కుట్టించాలి.' పని ఎంత పెద్దదో చెప్పడానికి టీమ్ అంకెల కార్డులు ఎత్తింది. ఒకరు మూడు ఎత్తారు, ఇంకొకరు పదమూడు. ఇంత పెద్ద పని ఒకేసారి చేయకూడదని, ముక్కలు చేసి పనికొచ్చే ముక్క ముందుగా ఇవ్వాలని తేలింది. ఈ రెండు వారాల విడతలో ఎడమ మోకాలు, కుడిది తర్వాత.

ఆ ఆదివారం సూర్యాపేటలో మహిపాల్ కుర్చీలో కూర్చున్నాడు. ఎడమకాలు ముడుచుకుంది, కుడికాలు రోకలిలా ముందుకు చాచుకుని ఉంది. ఆద్య అతని తొడ మీంచి జారిపోతూ, "మామా, మంచిగ కూసో" అంది.

చెవులు కుట్టడానికి వచ్చిన అవుసలాయన కళ్లద్దాల మీంచి చూశాడు. "సాఫ్ట్‌వేర్ మేనమామనా?" అని అడిగాడు. "గిట్ల శానమందిని జూసిన. సగం ఒడికి ఒక చెవే కుడత బిడ్డా. రెండోది ఆ మోకాలు అచ్చినంక పిలువుండ్రి."

ఎడమ చెవి కుట్టాడు. పిల్ల కెవ్వుమని నేలమీదికి జారింది. మహిపాల్ చేతులు చాచాడు గానీ అంత దూరం వంగలేకపోయాడు. ఆద్య ఏడుస్తూ వాళ్లమ్మ దగ్గరికి పరుగెత్తింది.

సోమవారం ఈ సంగతి నిలబడి చెప్పాడు. మేడమ్ చప్పట్లు కొట్టింది. చెవి ఒకటి పూర్తయింది కాబట్టి చీటీని 'అయిపోయినవి' కిందికి మార్చారు. కుడి మోకాలికి కొత్త చీటీ పడింది. దాని కంటే ముఖ్యమైనవి రోజూ నాలుగైదు దాని పైకి చేరేవి.

రెండేళ్లకు మహిపాల్ లీడరయ్యాడు. కొత్తగా చేరినవాళ్ల మోకాళ్లు ఇప్పుడు తీసుకునేది అతనే. వారానికోసారి బీరువా తెరిచి కవర్ల మీద దుమ్ము తుడుస్తాడు. తన నంబరున్న కవరు కూడా తుడుస్తాడు.

మొన్న అక్క అడగనే అడిగింది. "తాళంచెవి నీ జేబులనే ఉన్నదిగద తమ్మీ. తీస్కోరాదు?"

"అట్లెట్ల తీస్తనక్కా?" అన్నాడు మహిపాల్, నిజంగానే ఆశ్చర్యపోయి. "బోర్డు మీద నా చీటీ వంతు రావాలెగద."

"అవును, అదీ నిజమే" అని స్వరూప, ఆద్య కుడి చెవికి కొన్న రెండో కమ్మను కుంకుమ భరిణెలో పెట్టి మూత వేసింది.